తేటనీటి ట్రౌట్‌కు ఏ రాడ్, ఏ లైన్? ఫ్లై ఫిషింగ్ సామాను అంకెల వెనుక లెక్క

క్లుప్తంగా

ఫ్లై ఫిషింగ్ అంటే పురుగులా కట్టిన తేలిక కొక్కేన్ని (ఫ్లైని) లైన్ బరువుతో విసిరి చేపను పట్టడం. ట్రౌట్ అనే చల్లటినీటి చేప కోసం ఆ సామాను కొనేవారు ముందు తేల్చుకోవాల్సింది లైన్ బరువు. రాడ్, రీల్ దాన్ని బట్టి వస్తాయి. చిన్న, మధ్యరకం కొండ నదులకు 4 లేదా 5 నంబరు లైన్, గాలి తగిలే సరస్సులకు 6 నంబరు చాలు. తేటనీటిలో చేపను ఎక్కువగా బెదరగొట్టేవి రెండు: లైన్ చివర కట్టే లీడర్, టిప్పెట్ అనే సన్న దారాలు నప్పకపోవడం, ఒడ్డున మనిషి నిటారుగా నిలబడటం. ఖరీదైన రాడ్ ఈ రెండు లోపాలనూ సరిచేయలేదు. ఒడిశా సరిహద్దు జిల్లాల నదుల్లో ట్రౌట్ బతకదు కాబట్టి, ఇక్కడ కొనే సామాను హిమాలయ ప్రయాణానికి పనికి రావాలి, ఇంటి దగ్గరి నీళ్లలో సాధనకూ అక్కరకు రావాలి.

గందరగోళం ఎక్కడిది

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం వైపు తెలుగు కుటుంబాలకు గాలం కొత్త కాదు. నాగావళిలోనో వంశధారలోనో వెదురు కర్రకు నైలాన్ దారం కట్టి, బెండు తగిలించి, కొక్కేనికి వానపామును గుచ్చి పరిగెలు, జెల్లలు పట్టడం తరాల నాటి అలవాటు. తర్వాత స్పిన్నింగ్ రీల్ వచ్చింది. ఇప్పుడు మూడో పద్ధతి ఫోన్ తెరల మీద కనిపిస్తోంది. మోకాటి లోతు చల్లటి నీటిలో నిలబడి, రంగు లైన్‌ను గాలిలో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ట్రౌట్‌ను పట్టే ఫ్లై ఫిషింగ్ అది. విశాఖ నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ రాయగడ మీదుగానే పోతుంది. ఢిల్లీలో కులూ బస్సెక్కి ఔట్ దగ్గర దిగితే, హిమాచల్‌లో ట్రౌట్ ఉండే తీర్థన్ లోయకు దారి అక్కడి నుంచే. ప్రయాణం దూరమే అయినా అందనిదేమీ కాదు. చిక్కంతా సామాను ఎంపికలో ఉంది.

ఆన్‌లైన్ దుకాణాల్లో రాడ్, రీల్, లైన్, నాలుగైదు ఫ్లైలు కలిపి అమ్మే పెట్టెల మీద 9 అడుగులు, 5 నంబరు, 4 ముక్కలు, డబ్ల్యూఎఫ్-5-ఎఫ్, 5ఎక్స్ వంటి గుర్తులుంటాయి. స్పిన్నింగ్ అలవాటుతో చదివితే వీటిలో చాలావాటికి తప్పు అర్థం వస్తుంది. స్పిన్నింగ్ రాడ్ మీది అంకెలు ఎంత బరువు ఎర విసరవచ్చో చెబుతాయి. ఫ్లై రాడ్ మీది అంకె వేరే సంగతి చెబుతుంది.

విసిరేది లైన్‌నే

మామూలు గాలంలో సీసం గుండో, లోహపు ఎరో ముందుకు దూసుకెళ్తుంది. సన్నటి దారం దాని వెనకాల లాక్కుపోతుంది. ఫ్లై అలా వెళ్లదు. ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా కట్టిన ఆ చిన్న కొక్కెం బరువు గ్రాములో పదో వంతు కూడా ఉండదు. దాన్ని ఎంత బలంగా విసిరినా నాలుగడుగుల అవతలే పడుతుంది. అందుకే ఫ్లై ఫిషింగ్‌లో బరువును లైన్‌లోనే పెట్టారు. ప్లాస్టిక్ పూత పూసిన ఆ లావు లైన్ గాలిలో చుట్టలా విప్పుకుంటూ పోయి ఫ్లైని మోసుకెళ్తుంది.

లైన్ బరువుకు ప్రపంచమంతా ఒకే కొలత ఉంది. మొదటి 30 అడుగుల లైన్, అంటే సుమారు 9 మీటర్లు, ఎన్ని గ్రెయిన్లు తూగుతుందో దాన్ని బట్టి నంబరు ఇస్తారు. 3 నంబరు 100 గ్రెయిన్లు, 4 నంబరు 120, 5 నంబరు 140, 6 నంబరు 160, 8 నంబరు 210. గ్రాముల్లో చెబితే 3 నంబరు దాదాపు ఆరున్నర, 5 నంబరు దాదాపు 9, 8 నంబరు పదమూడున్నర గ్రాములు. రాడ్ మీది 5 అనే అంకెకు అర్థం ఆ 9 గ్రాముల లైన్‌కు తగ్గట్టు వంగుతుందని. లైన్ తేలికైతే రాడ్ వంగదు, బలం అందదు. లైన్ మరీ బరువైతే రాడ్ అతిగా వంగి, లైన్ నీటి మీద ధబ్బున పడుతుంది.

కొనే వరుస కూడా దీనివల్లే తలకిందులవుతుంది. మామూలుగా రాడ్ చూసి మోజుపడి, దానికి రీల్ వెతికి, చివర్లో మిగిలిన డబ్బుతో లైన్ కొంటారు. పెట్టెలో కలిపి వచ్చే చవక లైన్ చుట్టలు చుట్టుకుపోయి, తేలాల్సింది మునిగి, రాడ్ మంచిదైనా పనిని పాడు చేస్తుంది. పట్టబోయే చేపకు, నీటికి తగ్గ ఫ్లై ఏది, ఆ ఫ్లైని మోయడానికి ఎంత లైన్ కావాలి, ఆ లైన్‌కు ఏ రాడ్ అన్న వరుసలో వెళ్తే తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే రాడ్‌లోనూ రీల్‌లోనూ తగ్గించుకుని లైన్‌లో రాజీపడకపోవడం మేలు.

లైన్ నంబరు చుట్టూ ఉన్న అక్షరాలకూ అర్థముంది. ముందు వచ్చే డబ్ల్యూఎఫ్ అంటే బరువంతా ముందు భాగంలో ఉండి వెనక సన్నగా ఉండే లైన్. దూరం విసరడం తేలిక. డీటీ అంటే నడుమ ఒకే లావు, రెండు కొసలూ సన్నం. చిన్న నదిలో మెత్తగా పడుతుంది, ఒక కొస అరిగితే తిప్పి వాడుకోవచ్చు. చివరి ఎఫ్ అంటే తేలేది, ఎస్ అంటే మునిగేది, ఐ అంటే మెల్లగా దిగేది. మొదటి లైన్‌గా తేలేదే కొనాలి. నదిలో దాదాపు అన్ని పనులూ దాంతోనే అవుతాయి.

అంకెలు ఎదురెదురు దిక్కుల్లో

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది, ఒకే పెట్టె మీద ఉన్న అంకెలు ఒకే దిక్కుకు పోకపోవడం. లైన్ నంబరు పెరిగితే బరువు పెరుగుతుంది. కొక్కెం నంబరు పెరిగితే కొక్కెం చిన్నదవుతుంది. 12 కంటే 16 చిన్నది, 20 ఇంకా చిన్నది. టిప్పెట్ మీద ఎక్స్ పక్కన ఉండే అంకె పెరిగితే దారం సన్నబడుతుంది.

ఎక్స్ లెక్కకు సులువైన సూత్రం ఉంది. 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో దారం మందం వస్తుంది. 4ఎక్స్ అంటే 7 వెయ్యో వంతులు, అంటే 0.18 మిల్లీమీటర్లు. 5ఎక్స్ 0.15, 6ఎక్స్ 0.13 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. కొక్కెం నంబరును 3తో భాగిస్తే దానికి నప్పే టిప్పెట్ సుమారుగా తెలుస్తుంది. 12 నంబరు ఫ్లైకి 4ఎక్స్, 16 నంబరుకు 5ఎక్స్. లావు టిప్పెట్‌కు చిన్న ఫ్లై కడితే అది నీటిలో బిగుసుకుపోయి పుల్లలా కదులుతుంది. సన్న టిప్పెట్‌కు పెద్ద ఫ్లై కడితే విసిరేటప్పుడు మెలికలు పడి తెగుతుంది.

నీటి కింది నుంచి పైకి చూస్తే

తేటనీటిలో ట్రౌట్ పట్టడం ఎందుకు కష్టమో తెలియాలంటే చేప చూపు సంగతి తెలియాలి. బురదనీటిలో జెల్ల వాసనతో, మీసాలతో ఎరను కనిపెడుతుంది. ట్రౌట్ ప్రధానంగా చూసి తింటుంది. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఒకచోట నిలకడగా ఉండి, కొట్టుకొచ్చేదాన్ని కన్నుతో ఎంచుకుంటుంది. నీరు ఎంత నెమ్మదిగా, ఎంత తేటగా ఉంటే ఫ్లైని పరీక్షించుకోవడానికి దానికి అంత వ్యవధి దొరుకుతుంది.

కాంతి గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది. దాంతో నీటి కింది చేపకు పైప్రపంచమంతా తల మీద ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దాని వెడల్పు చేప ఉన్న లోతుకు రెండుంబావు రెట్లు ఉంటుంది. మీటరు లోతున ఉన్న చేపకు రెండుంబావు మీటర్ల కిటికీ, 30 సెంటీమీటర్ల లోతున ఉన్నదానికి 70 సెంటీమీటర్ల లోపే. కిటికీ అవతల నీటి పైపొర చేపకు అద్దమే, అందులో నది అడుగు ప్రతిబింబం కనిపిస్తుంది. ఒడ్డున ఉన్నవన్నీ కిటికీ అంచున నొక్కుకుపోయి కనిపిస్తాయి. నీటిమట్టం నుంచి సుమారు 10 డిగ్రీల కంటే కిందున్నవి దాదాపు గుర్తుపట్టలేనంతగా అణగిపోతాయి.

సామాను ఎంపికకు దీంతో నేరుగా సంబంధం ఉంది. 10 మీటర్ల దూరంలో మామూలు ఎత్తు మనిషి నిలబడితే సరిగ్గా ఆ 10 డిగ్రీల గీత దగ్గర ఉంటాడు. కొంచెం వంగితే గీత కిందికి పోతాడు. కాబట్టి నదిలో 20, 25 మీటర్లు విసరగల బలమైన రాడ్ అవసరం అరుదు. పది మీటర్ల దూరం నుంచి, చేప వెనక వైపు నుంచి, నడుం వంచి మెత్తగా వేయగలిగితే చాలు. వీడియోల్లో కనిపించే దూరపు విసుర్లు కంటికి అందంగా ఉంటాయి, కానీ చిన్న నదిలో ఎక్కువ చేపల్ని తరిమేసేవి అవే. తల పైన ఊగే లైన్ నీడ, మెరుపు కిటికీలో పడితే ట్రౌట్ రాతి కిందికి దూరుతుంది. ఆ గుంటలో మరో అరగంట వరకు పని ఉండకపోవచ్చు.

బట్టల రంగు ఇక్కడే లెక్కలోకి వస్తుంది. ఆకుపచ్చ, బూడిద, మట్టి రంగులు వెనకున్న చెట్లలో కలిసిపోతాయి. తెల్ల టోపీ, మెరిసే గడియారం కలవవు. లైన్ రంగు మీద మాత్రం వాదన సాగుతూనే ఉంది. న్యూజిలాండ్ తేటనదుల్లో వేటగాళ్లు మసక ఆకుపచ్చ, బూడిద రంగు లైన్లకే మొగ్గుతారు. చాలా చోట్ల నారింజ, లేత పసుపు లైన్లు వాడతారు, ఎందుకంటే విసిరేవారికి అవి బాగా కనిపిస్తాయి. నేర్చుకునేవారికి కనిపించే లైనే మేలు. చేపకూ లైన్‌కూ మధ్య తగినంత లీడర్ ఉంటే రంగు సమస్య చాలావరకు తీరుతుంది.

లీడర్, టిప్పెట్: అసలు ఖర్చు పెట్టాల్సిన చోటు

లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య ఉండే పారదర్శక దారమే లీడర్. మొదట లావుగా మొదలై కొసకు వచ్చేసరికి సన్నబడుతుంది. ఎడ్లబండివాడి చెర్నాకోల పిడి దగ్గర లావుగా, కొసన సన్నగా ఎందుకుంటుందో ఇదీ అందుకే. పిడి దగ్గర పుట్టిన ఊపు సన్నబడే కొద్దీ కొస దాకా ప్రవహిస్తుంది. మొదట్లో అర మిల్లీమీటరు లావున్న లీడర్, లైన్ ఊపును అందుకుని విప్పుకుంటూ పోయి, చివరి సన్న ముక్క దగ్గర ఊపు అయిపోయి, ఫ్లై నీటి మీద మెల్లగా వాలేలా చేస్తుంది. ఒకే లావు నైలాన్ దారాన్ని తొమ్మిదడుగులు కట్టేస్తే ఈ పని జరగదు. ఊపు మధ్యలోనే చచ్చి, దారం కుప్పగా పడుతుంది. చవగ్గా అయిపోతుందని చాలామంది మొదట చేసే పని ఇదే.

గలగలా పారే నీటికి 9 అడుగుల లీడర్ చాలు. నీరు కదలని తేట గుంటల్లో, సరస్సుల్లో 12 అడుగులు, అంతకన్నా పొడవూ కావాలి. ఫ్లై మార్చినప్పుడల్లా లీడర్ కొస కొంత తెగుతుంది. అందుకని కొసకు రెండు మూడు అడుగుల టిప్పెట్ వేరుగా ముడివేసి, అరిగిన కొద్దీ దాన్నే మారుస్తారు. 4ఎక్స్, 5ఎక్స్, 6ఎక్స్ చుట్టలు ఒక్కొక్కటి ఉంటే హిమాలయ నదుల్లో అవసరాలు చాలావరకు తీరుతాయి.

సన్న టిప్పెట్ చేపకు కనిపించదు కాబట్టి పనిచేస్తుందని సాధారణ నమ్మకం. అందులో కొంత నిజం ఉంది, అసలు కారణం మాత్రం మెత్తదనం. నదిలో ఒక్కో పాయ ఒక్కో వేగంతో పారుతుంది. లైన్ వేగపు పాయలోనూ, ఫ్లై నెమ్మది పాయలోనూ పడితే లైన్ ఫ్లైని లాగుతుంది. నిజమైన పురుగు ఏదీ నీటి మీద అలా అడ్డంగా ఈడ్చుకుపోదు. వేలెడంత ఈడ్పు కనిపించినా ట్రౌట్ మొహం తిప్పుకుంటుంది. సన్నటి, మెత్తటి, పొడవైన టిప్పెట్ ఆ లాగుడును కాసేపు తనలో ఇముడ్చుకుంటుంది. చేప తిరస్కరిస్తే వెంటనే మరింత సన్న దారానికి వెళ్లే ముందు టిప్పెట్‌ను ఒక అడుగు పొడిగించి చూడటం, నిలబడే చోటు మార్చడం ఎక్కువ ఫలితమిస్తాయి.

సన్నదనానికి మూల్యం కూడా ఉంది. 5ఎక్స్ నైలాన్ సుమారు 2 కిలోల లాగుడుకు ఆగుతుంది, 6ఎక్స్ అంతకంటే తక్కువ. సన్న దారంతో చేపను గట్టిగా లాగలేక ఎక్కువసేపు ఆడించాల్సి వస్తుంది. అలా అలసిన చేపను వదిలినా బతక్కపోవచ్చు. నీరు కాస్త వెచ్చబడ్డ రోజుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే నీటికి చెల్లేంత లావు టిప్పెట్ వాడటమే సరైన పద్ధతి.

నైలానా, ఫ్లోరోకార్బనా అన్నది మరో ప్రశ్న. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42 దగ్గర, నైలాన్‌ది 1.5 పైన. నీటి విలువకు దగ్గరగా ఉన్నది నీటిలో తక్కువగా కనిపిస్తుంది. అయితే తేడాను తేల్చేది బరువు. ఫ్లోరోకార్బన్ సాంద్రత నీటికి సుమారు 1.8 రెట్లు, నైలాన్‌ది 1.14 రెట్లు మాత్రమే. ఫ్లోరోకార్బన్ త్వరగా మునుగుతుంది కాబట్టి నీటి లోపల వాడే ఫ్లైలకు బాగుంటుంది. పైన తేలే ఫ్లైకి కడితే దాన్ని కిందికి గుంజుతుంది. తేలే ఫ్లైకి నైలానే సరి, ధర కూడా తక్కువ. ఏదైనా ముడి బిగించే ముందు తడి చేయాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

నైలాన్‌తో ఒక చిక్కుంది. ఎండలో, కదలని లోతులేని నీటి మీద తేలే దారం పైపొరను సన్నగా నొక్కుతుంది, దాని నీడ అడుగున లావు గీతగా కనిపిస్తుంది. దారం జిడ్డు తీసేస్తే అది పైపొర కిందికి దిగి ఆ నీడ పోతుంది. అందుకు వేటగాళ్లు వాడే ముద్ద కోసం విదేశీ డబ్బా కొనక్కర్లేదు. ముల్తానీ మట్టిలో కొంచెం గ్లిజరిన్, గిన్నెలు తోమే ద్రవం కలిపితే అదే. మూడూ రాయగడ బజారులో దొరికేవే. ఫ్లైకి దగ్గరున్న రెండు మూడడుగుల దారానికే రాయాలి, ఫ్లైకి అంటకూడదు.

నదికి ఒకటి, సరస్సుకు మరొకటి

నదిలో నీరు కదులుతుంది, చేప నిలుస్తుంది. సరస్సులో నీరు నిలుస్తుంది, చేప తిరుగుతుంది. హిమాచల్‌లోని తీర్థన్, సైంజ్, బారోట్ దగ్గరి ఊల్, సాంగ్లా లోయలోని బస్పా వంటి నదుల్లో రాళ్ల వెనక, పాయల అంచున చేప ఎక్కడ ఉంటుందో ఊహించవచ్చు. దగ్గర నుంచి, కచ్చితంగా, మెత్తగా వేయడం కావాలి. 8.5 నుంచి 9 అడుగుల 4 లేదా 5 నంబరు రాడ్ అందుకు సరిపోతుంది. పైన కొమ్మలు కమ్మిన చిన్న వాగులకు ఏడున్నర అడుగుల 3 నంబరు హాయిగా ఉంటుంది, కానీ అదొక్కటే ఉంటే పెద్ద నదిలో గాలికి ఓడిపోతుంది.

కశ్మీర్‌లోని గంగాబల్, విషన్‌సర్, ఉత్తరాఖండ్‌లోని డోడీతాల్ వంటి కొండ సరస్సుల్లో గాలికి అడ్డం ఉండదు. చేప ఒడ్డు వెంబడి తిరుగుతుంది, ఒక్కోసారి దూరం వేయక తప్పదు. అక్కడ 9.5 లేదా 10 అడుగుల 6 నంబరు రాడ్ పనికొస్తుంది. అదనపు పొడవు వల్ల, నడుంలోతు నీటిలో నిలబడ్డా వెనక్కి వెళ్లే లైన్ నీటిని తాకదు. సరస్సులో లోతును పట్టుకోవడమే సగం పని. మెల్లగా దిగే లైన్ సెకనుకు 3 నుంచి 5 సెంటీమీటర్లు దిగుతుంది. రెండు మీటర్ల లోతుకు చేరాలంటే దాదాపు 50 లెక్కపెట్టాలి. చేప తగిలిన లెక్క గుర్తుంచుకుంటే తర్వాతి విసురు అదే లోతుకు వెళ్తుంది.

ఒకే రాడ్ కొనగలిగేవారికి 9 అడుగుల 5 నంబరు మధ్యేమార్గం. సరస్సు కోసం మరో రాడ్ కొనడం కంటే అదే రీల్‌కు అదనపు స్పూల్ (లైన్ చుట్టే చక్రం) మీద మెల్లగా దిగే లైన్ చుట్టి ఉంచుకోవడం చవక.

రాడ్, రీల్

రాడ్ ఎంత వేగంగా తిరిగి నిటారవుతుందన్నదే దాని స్వభావం. గట్టి రాడ్ గాలిని చీల్చుకు వెళ్తుంది, కానీ చేయి కుదరనివారి తప్పుల్ని క్షమించదు, సన్న టిప్పెట్‌ను టక్కున తెంపేస్తుంది. మధ్యరకం మెత్తదనం ఉన్న రాడ్ నడుము దాకా వంగి ఆ కుదుపును మింగుతుంది. తేటనది ట్రౌట్‌కు అదే మంచిది. నాలుగు ముక్కల 9 అడుగుల రాడ్ ఒక్కో ముక్క 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, రైలు బెర్తు కింద పడుతుంది. రెండు ముక్కలది నాలుగున్నర అడుగుల కట్ట, దాంతో రైలు, బస్సు, జీపు మారడం నరకం.

ట్రౌట్‌కు రీల్ ప్రధానంగా లైన్ దాచుకునే చోటు. చేప పరుగుతీసినప్పుడు కుదుపు లేకుండా తిరగడం మొదలుపెడితే చాలు. నిలబడ్డ చోటే బిగుసుకుని తర్వాత వదులయ్యే రీల్ 6ఎక్స్‌ను తెంపుతుంది. నడిమి ఇరుసు లావుగా ఉన్న రీల్‌లో లైన్ చుట్టలు తక్కువ పడతాయి. లైన్ కింద 50 నుంచి 100 గజాల డేక్రాన్ దారం చుట్టాలి.

ఫ్లైలు

ట్రౌట్ తినే తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలిదే. రాళ్ల కింద పెరిగే మేఫ్లై, కాడిస్, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు దాని రోజువారీ ఆహారం. అవి రెక్కలొచ్చి పైకి తేలే వేళల్లోనే, తరచుగా సాయంత్రం, చేప ఎక్కువగా పైకి వస్తుంది. పెట్టెలో సగానికి పైగా లోపల మునిగే ఫ్లైలు ఉండాలన్నది అందుకే. మునిగే ఫెసెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ 14, 16 నంబర్లలో, పైన తేలే ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్ 14 నుంచి 18 వరకు, సరస్సుకు ఉలీ బగ్గర్, డ్రాగన్‌ఫ్లై పిల్లలను పోలినవి కొన్ని చాలు. వంద రకాలు మోయడం కంటే ఇవే రెండు మూడు సైజుల్లో ఉండటం మేలు. తేటనీటిలో ఫ్లై రకం కంటే సైజు విషయంలోనే ముందు పొరపాటు జరుగుతుంది. నదిలోంచి ఒక రాయి పైకెత్తి కింద పాకే పురుగు ఎంతుందో చూసి ఆ సైజు కట్టడం ఎవరైనా చేయగల పని.

కొక్కెం మొన దగ్గరి ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేపను తేలిగ్గా వదలవచ్చు. వేలికి గుచ్చుకున్నా బయటికి వస్తుంది, ఆసుపత్రి దూరంగా ఉండే లోయల్లో అది చిన్న సంగతి కాదు.

కళ్లద్దాలు, కాలి జోళ్లు

పోలరైజ్డ్ కళ్లద్దాలు విలాసం అనుకుని వదిలేస్తారు. తేటనీటిలో అవి రాడ్ కంటే ముందు కొనాల్సినవి. నీటి మీది తళుకు ఎక్కువగా అడ్డంగా కంపించే కాంతి. ఆ అద్దాలు దాన్నే ఆపుతాయి. నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు వాటి పని అత్యధికం, నది అడుగు, చేప నీడ స్పష్టంగా కనిపిస్తాయి. కొండల నీడలో తేనెరంగు, గోధుమరంగు అద్దాలు నల్లవాటికంటే మేలు. విసిరే కొక్కెం నుంచి కంటికి రక్షణ అదనం.

నాచు పట్టిన గుండ్రాళ్ల మీద రబ్బరు చెప్పులు ప్రమాదం. ఒకప్పుడు ఉన్ని అట్ట అడుగున్న బూట్లు వాడేవారు. తడి ఆరని ఆ అడుగుల ద్వారా నాచు జాతులు ఒక నది నుంచి మరో నదికి పాకుతున్నాయని న్యూజిలాండ్ 2008లో వాటిని నిషేధించింది. గట్టి రబ్బరు అడుగున మేకులున్న బూట్లు, ఊతకు ఒక వెదురు కర్ర నమ్మదగినవి. మరో నదికి వెళ్లే ముందు బూట్లు, వల కడిగి ఎండబెట్టాలి.

కొరాపుట్ చలి సరిపోదా?

శీతాకాలంలో సెమిలిగుడ, కొరాపుట్ వైపు వణికించే చలి చూసి, ఇక్కడే ట్రౌట్ వదిలితే పోలేదా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ట్రౌట్ బతుకును నిర్ణయించేది శీతాకాలపు రాత్రి కాదు, వేసవి మధ్యాహ్నం. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్ తిండి మానేసి నీరసిస్తుంది, 25 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. వేడెక్కే కొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ నిలిస్తే, 30 డిగ్రీల్లో ఏడున్నర మాత్రమే. గుడ్లు పొదగాలంటే ఇంకా చల్లటి నీరు కావాలి. ఒడిశాలో ఎత్తయిన దేవమాలి 1,672 మీటర్లు. మంచు కరిగి పారే నది ఈ కొండల్లో ఒక్కటీ లేదు.

హిమాలయాలకు కూడా ట్రౌట్ సొంత చేప కాదు. బ్రౌన్ ట్రౌట్‌ను 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి కశ్మీర్‌కు తెచ్చారు, తర్వాత కులూకు చేరింది. దక్షిణాన నీలగిరుల్లో రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది, అవలాంచిలో హ్యాచరీ ఉంది. అక్కడ 2,000 మీటర్ల పైన ఏడాదంతా చల్లదనం ఉండటమే కారణం. బయటి నుంచి తెచ్చిన వేట చేపను కొత్త నదిలో వదిలితే సొంత చేపలు నష్టపోతాయి. కాబట్టి నాగావళి పైపాయల్లో ప్రయోగాలు చేయకపోవడమే ఆ నదికి మేలు.

హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేట నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. మిగిలిన నెలల్లో మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి. మంచు కరిగే రోజుల్లో, వానల్లో నీరు బురదబారుతుంది. తేటనీటి కోసం వెళ్లేవారికి మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు అనుకూలం.

ఇంటి దగ్గరి నీళ్లలో అదే రాడ్

ఏడాదిలో ఒకసారి వెళ్లే ప్రయాణానికి కొన్న రాడ్ అటక మీద ఉంటే, లోయకు చేరాక మొదటి రోజంతా చేయి కుదరదు. సాధన ఇక్కడే చేయవచ్చు. మొదట గడ్డి మైదానంలో, కొక్కెం లేకుండా ఎర్ర ఉన్ని పోగు కట్టి విసరాలి. తర్వాత వానలు వెనకబట్టి నీరు తేరుకున్న వాగుల్లో, గుండ్రాళ్ల మధ్య పాయల్లో పరిగెలు, చిన్న వాగు చేపలు 16 నంబరు ఫ్లైకి ఎగబడతాయి. జలాశయాల అంచున తిలాపియా దొరుకుతుంది. ట్రౌట్‌కు కావలసిన మెలకువలన్నీ, ఈడ్పు లేకుండా వదలడం, మెత్తగా వాల్చడం, నీడ పడకుండా నడవడం, ఈ చేపలే నేర్పుతాయి.

కార్బన్ రాడ్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. మాచ్‌ఖండ్ వైపు నది మీదుగా పోయే హైటెన్షన్ తీగల కింద రాడ్ ఎత్తకూడదు. ఈ జిల్లాల్లో పిడుగులు ఎక్కువ, ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లాలి. మలేరియా ప్రాంతం కాబట్టి దోమల క్రీము తప్పదు, కానీ చాలా క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం లైన్ పైపూతను, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ముంజేతి వెనక వైపు రాసుకుని అరచేతులు సబ్బుతో కడుక్కున్నాకే లైన్ ముట్టుకోవాలి. వాడాక లైన్‌ను మంచినీటిలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే పూత బిరుసెక్కి పగులుతుంది.

జలాశయాల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలది, అడిగి దిగాలి. అదే మాచ్‌ఖండ్ నది మీద పాడేరు వైపున్న మత్స్యగుండంలో చేపల్ని దేవుడివిగా చూస్తారు, అక్కడ గాలం మాటే ఎత్తకూడదు. కొర్రమీను మీద మనసుపడేవారికి 5 నంబరు రాడ్ చాలదు. కలుపు మొక్కల్లోంచి ఆ చేపను లాగడానికి, కప్పలాంటి పెద్ద ఫ్లైని విసరడానికి 7 లేదా 8 నంబరు రాడ్, లావు లీడర్ కావాలి. వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టు. ఆ సమయంలో పెద్దదాన్ని పట్టేస్తే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది కాబట్టి, పిల్లలు విడిపోయేదాకా ఆ మడుగు జోలికి పోకూడదు.